రెండో కట్ట

పుష్యమాసపు మంచు కాలవ మీద నుంచి పాకుతూ వచ్చి ఆసుపత్రి పెరట్లో తిష్ట వేసింది. శోభనాద్రి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఇనప పారతో నిన్నటి బూడిద లాగి గమేళాలో పోశాడు. పోసిన బూడిదలో వేలు పెట్టి చూశాడు. అడుగున ఇంకా గోరువెచ్చగా ఉంది.

మోపిదేవికి ఇవతల కాలవ గట్టున ఉంది ఆ ప్రకృతి వైద్యశాల. ఉబ్బసం వాళ్లూ, కీళ్లనొప్పుల వాళ్లూ, ఒళ్లు తగ్గాలనుకునే వాళ్లూ గుడివాడ నుంచీ బందరు నుంచీ వచ్చి పదేసి రోజులుంటారు. మట్టి పట్టీలు, ఉపవాసం, ఆవిరి స్నానం. అందులో ఆవిరి శోభనాద్రి పని. పెరట్లో ఇటికల పొయ్యి, పొయ్యి మీద బాయిలరు, బాయిలరు నుంచి ఆవిరి గదిలోకి ఒక గొట్టం. తెల్లారేసరికి గది వేడెక్కాలి.

పొయ్యిలో సర్వి దుంగలు పేర్చాడు. పాలకాయతిప్ప వైపు తోటల నుంచి మొన్ననే ట్రాక్టరులో దిగిన కట్టె. నరికిన చోట ఇంకా పసరు వాసన కొడుతోంది. దుంగల కింద కొబ్బరి డొక్కలు తోసి, కిరసనాయిలు చిలకరించి, పుల్ల గీశాడు. డొక్కలు భగ్గుమన్నాయి. వాటి మీద పచ్చికట్టె చెమర్చింది, కొసల నుంచి నురగ కక్కింది, ఆ తర్వాత పొగ విడిచింది. పొగగొట్టంలో నుంచి నల్లగా లేచి, పైకి పోలేక మంచు కిందే పరుచుకుంది.

గోడ అవతల దగ్గు మొదలైంది.

ముందు రెండు చిన్న దగ్గులు. తర్వాత ఒక పెద్ద తెర. ఆ తర్వాత ఊపిరి లోపలికి లాగుతుంటే ఈల వేసినట్టు చప్పుడు. అది కాంతారావు. గోడకి ఆనుకుని ఉన్న పేటలో మొదటి ఇల్లు అతనిదే. శోభనాద్రి తన దగ్గు తాను దగ్గి, పారతో దుంగని ఎగదోశాడు.

పెరటి గేటు కిర్రుమంది. కాంతారావు భార్య రాహేలు వావిలాకు కట్ట చంకలో పెట్టుకుని వచ్చింది. రోజూ కాలవ గట్టున ఆ ఆకు కోసి తెచ్చేది ఆమే. ఆవిరి గొట్టం మూతి దగ్గర ఆకు వేస్తేనే గదిలో మందు వాసన.

"రేత్రంతా కూచునే ఉన్నాడన్నయ్యా," అంది కట్ట దించుతూ. "పడుకుంటే ఊపిరందదంట."

శోభనాద్రి పొయ్యిలోకే చూస్తూ, "మంచు," అన్నాడు.

"మంచేలే," అంది ఆమె. పొగగొట్టం వైపు ఒక్కసారి చూసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఆకు తెచ్చే పని ఇచ్చిన ఆసుపత్రిని అంతకన్నా ఏమనగలదు?

ఆ సోమవారం పొద్దెక్కాక మేనేజరు తాతారావు బందరు నుంచి రేకు పని చేసే బాజిని పిలిపించాడు. పొగ వరండాలోకి వస్తోందని పేషెంట్లు గొడవ చేస్తున్నారు. పొగగొట్టం మూతికి ఎల్బో, అంటే ఒక వంపు ముక్క, వేసి మూతి గోడ వైపు తిప్పాలి.

"గోడవతల ఇళ్లున్నాయండి," అన్నాడు శోభనాద్రి.

"ఉంటే? వాళ్ల ఇళ్లల్లో పొయ్యిలు లేవా ఏంటి? నిచ్చెన పట్టుకో," అన్నాడు తాతారావు. కోపంగా ఏమీ అనలేదు. భోజనానికి వేళయిందని చెప్పినట్టే చెప్పాడు.

శోభనాద్రి నిచ్చెన పట్టుకున్నాడు. బాజి పైకెక్కి ఎల్బో దిగ్గొట్టాడు, నాలుగు మేకులు బిగించాడు. దిగొచ్చి మసి చేతులు లుంగీకి తుడుచుకుని పొయ్యిలోకి తొంగి చూశాడు.

"ఇదేం ఎలిగించడం బాబాయ్? కింద నిప్పెట్టి పైన పచ్చికట్టె పేరిస్తే అది మంట పెట్టడమా, పొగ పెట్టడమా?" అన్నాడు.

"ఇలాగే ఎలిగిస్తారు."

"ఇలా ఎలిగిస్తే మా నాయనమ్మ కొరివితో వాత పెట్టేది. మాది అద్దకం ఇల్లు. రంగు కాగులు రోజంతా ఉడకాల. పక్కనే గుడ్డలు ఆరేసుంటై. ఒక్క మసి నలుసు పడిందా, కలంకారీ బట్ట కాస్తా మసిగుడ్డే."

శోభనాద్రి పార పక్కన పెట్టాడు. బీడీ తీసి సగం తుంపి బాజికిచ్చాడు. ఎలాగో చూపించమని అతను అడగడం అదే.

బాజి పొయ్యి ముందు చతికిలబడి పుల్లలతో చూపించాడు. లావు దుంగలు కింద, మధ్య వేలెడు సందు. వాటి మీద సన్నవి. పైన చీల్చిన పేళ్లు, అడ్డం ఒకటి, నిలువు ఒకటి. అన్నిటికన్నా పైన పీచు. నిప్పు ఆ పీచుకే పెట్టాలి. కిరసనాయిలు వద్దు. మంట దీపంలా పైనుంచి కిందకి దిగుతుంది. కింది కట్టె వదిలిన పొగ పైన మంటలో నుంచే పోవాలి కాబట్టి అక్కడే కాలిపోతుంది.

"పొయ్యి తలుపు బెత్తెడు తెరిచుంచు. గాలి తగలాల. కెలక్కు. మీ ముసలాళ్లకి అదే కష్టం, చేతులూరుకోవు. ఇంకోటి, కట్టె ఎండాల. ఈ పచ్చిది పెడితే ఆ దేవుడొచ్చినా పొగే."

గోడ అవతల మళ్లీ దగ్గు తెర లేచింది. కొత్త ఎల్బో మూతి లోంచి పొగ తిన్నగా అటే పోతోంది. బాజి విన్నాడు.

"ఎవరు?"

"కాంతారావని. ఉబ్బసం."

బాజి తాను కొట్టిన మేకుల వైపు చూశాడు. "గుడ్డ మీద పడితే నష్టమని ఇంత నేర్చుకున్నాం బాబాయ్," అని, సామాను సంచీలో వేసుకుని బస్సుకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం శోభనాద్రి కట్టెల పాక వెనకదాకా కెలికాడు. అడుగున నిరుటి తుమ్మ మొద్దులు, ఎండి గంటలా మోగే సర్వి ముక్కలు దొరికాయి. గొడ్డలితో చీల్చి వేలి లావు పేళ్లు చేశాడు. కొత్తగా వచ్చిన పచ్చి దుంగల్ని ఒక్కొక్కటే మోసుకొచ్చి బాయిలరు వెచ్చగా ఉండే వైపు గోడకి నిలబెట్టాడు. నడుం పట్టేస్తే గోడకి చేరబడి, నొప్పి పోయేదాకా నిలబడి, మళ్లీ మోశాడు.

మంగళవారం కుదరలేదు. మంట పైనే ఆడి పైనే ఆరిపోయింది. చెయ్యి ఊరుకోక పారతో కెలికాడు. అమర్చిందంతా కూలి మునుపటి కన్నా ఎక్కువ పొగ వచ్చింది. ఆవిరి అరగంట ఆలస్యమైంది. గుడివాడ రైసుమిల్లు వెంకటాద్రి గారు తువ్వాలు కట్టుకుని గది ముందు చలికి వణుకుతూ, "ఏమయ్యా, నువ్వు కాస్తున్నది ఆవిరా, పెళ్లి వంటా?" అని అరిచాడు. శోభనాద్రి తల వంచుకున్నాడు. గోడ అవతల దగ్గు వింటూ ఆ రోజంతా అన్నం తినలేదు.

బుధవారం మళ్లీ పేర్చాడు. వేలెడు సందు వేలు పెట్టి కొలిచాడు. పీచుకి నిప్పంటించి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, కెలకకుండా కూర్చున్నాడు. పేళ్లు అంటుకున్నాయి. మంట ఒక వరస దిగింది. ఇంకో వరస దిగింది. కింది దుంగ మీద నీలంగా పాకి, ఎర్రబడి, బుసబుసమంటూ స్థిరపడింది. అతను లేచి బయటికొచ్చి తలెత్తాడు. ఎల్బో మూతి దగ్గర గాలి నీళ్లలా వణుకుతోంది. అంతే. పొగ లేదు.

గోడ వైపు చెవి పెట్టాడు. ఒక చిన్న దగ్గు. గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత మాట వినిపించింది.

"ఏం బావా! ఇయ్యాల కట్టె దొరకలేదా, అగ్గిపెట్టె దొరకలేదా?"

కాంతారావు గోడ దాకా నడిచొచ్చాడు. ఎన్నాళ్లకో. గోడ మీద అతని చేతివేళ్లు మాత్రం కనిపిస్తున్నాయి, గోళ్లు నీలంగా.

"రెండూ దొరికినై. ఎలిగింది," అన్నాడు శోభనాద్రి.

"మరి పొగేదీ?"

"తినేసింది."

"ఎవరు?"

"మంటే."

అవతల నవ్వు. నవ్వుతో దగ్గు రాబోయి ఆగిపోయింది. "మంచి ఆకలి మీదుందన్నమాట! అలాగే రోజూ పస్తు పెట్టు బావా దాన్ని," అన్నాడు కాంతారావు. ఆ రోజు శోభనాద్రి రెండు పూటలా తిన్నాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, గదుల కిటికీల్లోంచి పేషెంట్లు చూసేది ఆ పొగనే. పొగ లేచిందంటే ఆవిరి తయారవుతోందని, అది పల్చబడితే తువ్వాలు భుజాన వేసుకోవాలని వాళ్లకి అలవాటు. బుధవారం పొగ లేదు. ఎవరూ రాలేదు. ఆవిరి వచ్చి, గది నిండి, చల్లారింది. గురువారం కొందరొచ్చి కూర్చున్నారు గాని, చెమట పట్టలేదన్నారు. చెమట కారుతున్న వెంకటాద్రి గారే ఆ మాట అన్నాడు.

"నిప్పు లేందే పొగ రాదంటారు. పొగే లేకపోతే ఇంక నిప్పెక్కడిదయ్యా? కట్టె మిగల్చమని ఎవరు చెప్పారు వీడికి?"

తాతారావు పెరట్లోకి వచ్చాడు. శోభనాద్రి పొయ్యి తలుపు తెరిచి లోపలి కణికలు చూపించాడు. బాయిలరు మూత దగ్గర ఆవిరి చూపించాడు.

"నాకు కనపడుతోందయ్యా. వాళ్లకి కనపడాలిగా," అన్నాడు తాతారావు.

"గంట కొడతానండి."

"ధ్యానం టైములో గంటేంటి? డాక్టరు గారు ఒప్పుకోరు."

"గదులకెళ్లి చెప్పొస్తానండి."

"ఈ మసి బట్టలతోనా?" తాతారావు అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయి, చొక్కా చూసి మానేశాడు. "ఎందుకంత కష్టం? నిప్పుల మీద నాలుగు పచ్చాకులు పడెయ్. కాసేపు పొగ కనిపిస్తే చాలు. ఆ వావిలాకే ఇంకో కట్ట తెప్పించు. వాసనకి వాసన కూడాను."

సాయంత్రం రాహేలు గట్టు మీద ఎదురైంది.

"రేపు రెండు కట్టలు తే," అన్నాడు.

"రెండెందుకన్నయ్యా? జనం పెరిగారా?"

"ఊఁ," అన్నాడు శోభనాద్రి.

ఆమె మొహం వెలిగింది. మొగుడు రెండు రోజులుగా నడుం వాల్చి పడుకుంటున్నాడని, నిన్న గంజి కాకుండా అన్నం అడిగాడని చెప్పింది. అతను తలూపి నడిచాడు.

శుక్రవారం రెండు కట్టలూ తెచ్చింది. ఒకటి ఆవిరి గొట్టం దగ్గర పెట్టాడు. ఆమె వెళ్లేదాకా ఆగాడు. పొయ్యి తలుపు తీసి, రెండో కట్ట తాడు విప్పి, మంచుకి తడిసిన ఆకు దోసిళ్లతో ఎత్తి కణికల మీద వేశాడు. ఆకు చిటపటమని ముడుచుకుంది. తెల్లటి పొగ పొయ్యి నోట్లోంచి కూడా ఎగదన్నింది. అతని కళ్లు మండాయి. ఎల్బో మూతి దాన్ని చెంబుతో వంచినట్టు గోడ అవతలికి వంచింది.

గదుల తలుపులు తెరుచుకున్నాయి. తువ్వాళ్లు భుజాన వేసుకుని పేషెంట్లు కబుర్లు చెప్పుకుంటూ వచ్చారు. "ఆఁ, ఇవాళ బావుంది," అన్నాడు వెంకటాద్రి గారు లోపల కూర్చుని.

గోడ అవతల దగ్గు మొదలై పొద్దెక్కినా ఆగలేదు. మధ్యాహ్నం దాకా ఆగలేదు. శోభనాద్రి గొడ్డలి తీసుకుని అవసరం లేకపోయినా కట్టె చీల్చాడు. గొడ్డలి దెబ్బకీ దెబ్బకీ మధ్య దగ్గు వినిపిస్తూనే ఉంది. సాయంత్రం పెరటి గేటు దగ్గర నిలబడి, ఆకు బుట్టతో పోతున్న రాహేలుతో, "రేపట్నుంచి ఒకటి చాలు," అన్నాడు. ఆమె ఎందుకని అడగలేదు.

శనివారం తాతారావు బందరు వెళ్లాడు, మంగళవారం గాని రాడు. శోభనాద్రి పైనుంచి నిప్పంటించాడు. మంట దిగగానే బోరింగు దగ్గర ఒళ్లు కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, పద్దెనిమిది గదుల ముందూ ఆగి, "ఆవిరి సిద్ధమండి," అని చెప్పాడు. మోకాళ్లు సలిపాయి. పద్దెనిమిదిసార్లు నోరు తెరవడం అంతకన్నా కష్టమైంది. జనం వచ్చారు. గోడ అవతల దగ్గు ఉంది గాని, లోతుగా, చాలా సేపటికి ఒకసారి.

ఆదివారం దగ్గు లేదు.

మంట దిగుతుంటే అతను విన్నాడు. కోళ్లు కూస్తున్నాయి, కాలవలో ఎవరో బిందె ముంచారు. దగ్గు లేదు. ఇంకాసేపు విన్నాడు. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. పడుకున్నాడు, అనుకున్నాడు. మనిషికి నిద్ర పట్టింది. చప్పుడు చెయ్యకుండా బూడిద గమేళా రెండు చేతులతో ఎత్తి దూరంగా తీసుకెళ్లి పోశాడు. రాహేలు ఆకు తేలేదు. ఆమె కూడా పడుకుని ఉంటుంది, ఎన్ని రోజుల నిద్రో, అనుకుని నిన్నటి ఆకు ఏరి సరిపెట్టాడు.

గదుల ముందు ఆ రోజు గొంతు తేలిగ్గా పెగిలింది. వెంకటాద్రి గారు, "ఏంటయ్యా, ఇవాళ మొహం కళకళలాడుతోంది?" అంటే, "చలి తగ్గిందండి," అని బదులు కూడా చెప్పాడు. చలి తగ్గలేదు.

పెరడు ఊడ్చే మహాలక్ష్మి చీపురు చేత పట్టుకుని వచ్చింది.

"శోభనాద్రి గారూ, ఇన్నారా? మన రాహేలు మొగుడు పోయాడంటండి. కోడి కూయకముందే. ఆవిడకి ఏడుపైనా రాలేదంట."

శోభనాద్రి పొయ్యి తలుపు బెత్తెడు తెరిచి ఉందో లేదో చూశాడు. తెరిచే ఉంది. మళ్లీ చూశాడు. మహాలక్ష్మి ఇంకేదో చెప్పి వెళ్లిపోయింది. అతను బాయిలరు కుళాయి తిప్పి రెండు బకెట్లు వేణ్ణీళ్లు పట్టాడు. గేటు తీసుకుని, గోడ చుట్టూ తిరిగి, పేటలో మొదటింటికి మోసుకెళ్లాడు.

వాకిట్లో మంచం వేశారు. కాంతారావు వెల్లకిలా, కాళ్లు చాపుకుని ఉన్నాడు. అలా పడుకోవడం ఈ చలికాలంలో ఆ రెండు రోజులు తప్ప ఎవరూ చూసి ఉండరు. స్నానం చేయించడానికి నీళ్లు కాస్తున్న ఆడవాళ్లు శోభనాద్రి బకెట్లు చూసి జరిగి దారిచ్చారు. ఒక ముసలామె ఎవరితోనో అంటోంది.

"బుధారం గురువారం బాగానే ఉన్నాడమ్మా. అన్నం కూడా తిన్నాడు. శుక్కురారం పొద్దున కమ్మేసింది చూడు పొగ, అంతే, అక్కణ్ణుంచి తేరుకోలా."

అతను బకెట్లు దించాడు. రాహేలు మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది. తలెత్తి చూసింది. ఏమీ అనలేదు. బకెట్లు అక్కడే వదిలేసి అతను వెనక్కి వచ్చేశాడు.

మంగళవారం సాయంత్రం తాతారావు తిరిగొచ్చాడు. సంగతి విని నొచ్చుకున్నాడు. "పాపం, మంచోడు," అన్నాడు. కాసేపు పొగగొట్టం వైపు చూసి, "అయితే ఇంక గోడవతల జబ్బు మనిషి లేడుగా," అన్నాడు. "పేషెంట్లు మళ్లీ అడుగుతున్నారు. రేపట్నుంచి పొగ కనపడాలి శోభనాద్రీ. నీకు చేతగాకపోతే చెప్పు, చేసేవాళ్లు చాలామంది. ఆకు రెండు కట్టలని రాహేలుకి నేనే కబురు పెట్టాను. పనిలో పడితే దానికీ కాస్త మనసు కుదుటపడుద్ది."

బుధవారం మంచు ఇంకా దట్టంగా దిగింది. శోభనాద్రి దుంగలు పేర్చి, సన్నవి పేర్చి, పేళ్లు అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి పెడుతుండగా గేటు కిర్రుమంది. రాహేలు రెండు కట్టలూ దించింది. మెడ బోసిగా ఉంది. మొహం సగమైంది. వెళ్లిపోలేదు.

అతని చేతిలో పేడు చేతిలోనే ఉండిపోయింది.

"రాహేలమ్మా," అన్నాడు. "ఆ శుక్రవారం రెండో కట్ట ఆవిరిక్కాదు."

ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"పొగకి. పొయ్యిలో వేశాను. నేనే."

"తెలుసు."

అతను తలెత్తాడు.

"ఆకు కోసేది నేను. కాలితే వాసన నాకు తెలవదా అన్నయ్యా?" కింద కూర్చుంది, పొయ్యికి ఎడంగా. "ఆయనే ముందు పట్టాడు. 'వావిలాకే, మీ అన్నయ్య చేత ఎవరో ఏయించారు, ఆయన్నేం అనబాకు' అన్నాడు. ఊపిరాడక మూడుసార్లు ఆగి ఆ ముక్క చెప్పాడు."

శోభనాద్రి చేతిలో పేడు జారి బూడిదలో పడింది.

"ఆయన అనొద్దన్నాడని అనలేదు," అంది రాహేలు. "నాకు మాత్రం అనాలనే ఉంది."

"అను."

ఆమె గేటు అవతలికి చూసింది. కాలవ మీద ఎక్కడో లాంతరుతో పడవ పోతోంది. కాసేపటికి, "ఇయ్యాల కూడా ఏయమన్నారా?" అంది.

"అన్నారు. లేకపోతే పోవయ్యా అన్నారు."

"ఏస్తావా?"

అతను బూడిదలో పడ్డ పేడు తీసి తుడిచి పైవరసలో పెట్టాడు. పీచు నలిపి దాని మీద పరిచాడు. పుల్ల గీశాడు. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. పీచు కాలింది. పేళ్లు అంటుకున్నాయి. రాహేలు లేచింది. రెండో కట్ట ఎత్తి చంకలో పెట్టుకుంది. గేటు దాటి గట్టు దిగింది. కట్ట కాలవలో పడిన చప్పుడు ఇక్కడికి వినిపించింది.

తెలతెలవారుతోంది. వరండాలో తాతారావు నిలబడి, చేతులు కట్టుకుని, పొగగొట్టం మూతి వైపు చూస్తున్నాడు.

"శోభనాద్రీ!"

మంట ఒక వరస దిగింది.

"శోభనాద్రీ, వినపడుతోందా?"

ఇంకో వరస దిగింది. ఇలాంటప్పుడు దాన్ని వదిలి లేవకూడదు. అతను రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. అడుగు దుంగ మీద నీలంగా పాకి, ఎర్రబడి, మంట స్థిరపడింది. అప్పుడు లేచి, మోకాళ్లకంటిన బూడిద దులుపుకుని, వరండా వైపు నడిచాడు.